బోల్టుకో సైజు, మనుషులందరికీ ఒకే కామ

మద్దతు ధర మీద రాశాం, కాలువ నీళ్ల మీద రాశాం, యూరియా లైన్ల మీద రాశాం. ఈ నెల పానాల మీద, పార కామల మీద రాస్తానంటే మన కమిటీలోనే ఒకరిద్దరు నవ్వారు. "కాకా, ఇది కూడా ఉద్యమ సమస్యనేనా?" అని అడిగారు. సమస్యే. రెండెకరాల రైతైనా, ఇరవై ఎకరాల రైతైనా, భూమి లేని కూలీ అయినా పొద్దున లేస్తే చేతిలో పట్టుకునేది ఏదో ఒక పనిముట్టు. ఆ పనిముట్టు ఎంత పొడవు ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి, దేనికి ఏది పట్టాలి అన్నది ఎవరో ఎక్కడో కూర్చుని నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయంలో మనం లేము. లేకపోవడం వల్ల పోయే గంటలు మనవి, పోయే పైసలు మనవి, విరిగే నడుములు మన ఆడవాళ్లవి.

ముందు ఒక మాట స్పష్టం చేస్తాను. కొలతలు రెండు రకాలు. ఇనుముకు ఇనుము పట్టే కొలత ఒకటి. నట్టు, బోల్టు, పానా, పైపు, పిన్ను ఇందులోకి వస్తాయి. ఇవి ఊరూరా, దేశదేశానా ఒకటే ఉండాలి. మనిషికి ఇనుము పట్టే కొలత రెండోది. పార కామ, కొడవలి పిడి, వీడర్ హ్యాండిల్, మందు డబ్బా పట్టీలు ఇందులోవి. ఇవి మనిషిని బట్టి మారాలి. మన బజారు చేసిందేమంటే సరిగ్గా ఉల్టా. మారకూడనివి కంపెనీకొకటి, దేశానికొకటి చొప్పున మారుతున్నాయి. మారవలసినవి మాత్రం ఆరడుగుల మగాడికీ, అయిదడుగుల ఆడకూలీకీ ఒకే అచ్చులో దిగుతున్నాయి.

బోల్టు సంగతి చూద్దాం. ఇది కొత్త పంచాయితీ కాదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మొదటిసారి మరలకు ఒక పద్ధతి చెప్పాడు. మర కోణం 55 డిగ్రీలు అన్నాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలు అన్నాడు. జర్మనీ, ఫ్రాన్సు మిల్లీమీటర్ల దారి పట్టాయి. ఎవరి ఫ్యాక్టరీ వాళ్లది, ఎవరి పెట్టుబడి వాళ్లది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు, అమెరికా ఒకే పక్షాన పోరాడుతూ కూడా ఒకరి బోల్టు ఇంకొకరి యంత్రానికి పట్టక నానా తిప్పలు పడ్డాయి. ఆ దెబ్బకు 1948లో అమెరికా, ఇంగ్లండు, కెనడా కూర్చుని మరలకు ఒకే పద్ధతి ఒప్పుకున్నాయి. అంతకు ముందు ఏడాదే, 1947లో, దేశాలన్నిటికీ ఒకే ప్రమాణాలు ఉండాలని ఐఎస్ఓ అనే అంతర్జాతీయ సంస్థ మొదలైంది. మన దేశంలో ప్రమాణాల సంస్థ ఐఎస్ఐ పుట్టింది కూడా 1947లోనే. దాన్నే ఇప్పుడు బీఐఎస్ అంటున్నారు. యుద్ధంలో ట్యాంకు ఆగితే అందరికీ జ్ఞానోదయం అయింది. పొలంలో ట్రాక్టరు ఆగితే ఎవరికీ కావడం లేదు.

1956లో మన పార్లమెంటు తూనికలు, కొలతల చట్టం చేసి మీటరు, కిలో పద్ధతి తెచ్చింది. కాగితం మీద ఆనాడే అంగుళం పోయింది. మరి పొలంలోకి ఏం వచ్చాయి? ఐషర్ ట్రాక్టరు జర్మనీ నమూనా, 1959లో ఫరీదాబాద్‌లో మొదలైంది. మాసీ ఫెర్గూసన్ ఇంగ్లండు వైపు నుంచి వచ్చింది. మహీంద్రా వాళ్లు 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిశారు. ఎస్కార్ట్స్ మొదట పోలండుతో, తర్వాత ఫోర్డుతో. హెచ్ఎంటీ అంటే చెకొస్లొవేకియా జెటార్. మన ఇంజనీర్లే గీసుకున్న స్వరాజ్ వచ్చేసరికి 1974. ఇంగ్లండు, అమెరికా బండ్లకు అంగుళాల బోల్టులు, జర్మనీ, చెక్ బండ్లకు మిల్లీమీటర్ల బోల్టులు. బావుల మీద ఇంగ్లండు నమూనా డీజిల్ ఇంజన్లకు విట్‌వర్త్ బోల్టులు. పాత మనుషులకు యాది ఉంటుంది, విట్‌వర్త్ పానాలది ఇంకో తమాషా. దాని మీద అర అంగుళం అని ఉంటే నోరు అర అంగుళం కాదు. బోల్టు కాడ అర అంగుళం అని అర్థం. నోరు కొలిస్తే 23 మిల్లీమీటర్లు దాటుతుంది. అమెరికా అంగుళం పానా మీద మాత్రం నోటి కొలతే రాస్తారు. ఒకే అంకె, రెండు అర్థాలు. మన ఊరి మెకానిక్కులు ఏ కాలేజీకీ పోకుండా ఈ గందరగోళాన్ని మెదడులో పెట్టుకుని బండ్లు నడిపించారు. వాళ్లను చదువు లేనివాళ్లు అనేవాళ్ల నోటికి 23 నంబరు పానా వేసి బిగించాలి.

"అదంతా పాత కథ, ఇప్పుడు అన్నీ మిల్లీమీటర్లే కదా" అనుకోవచ్చు. అక్కడే అసలు మెలిక ఉంది. మిల్లీమీటర్లలో కూడా మూడు కులాలు ఉన్నాయి. కాడ మందం 10 మిల్లీమీటర్ల బోల్టు తీసుకోండి, మెకానిక్కులు ఎం 10 అంటారు. పాత జర్మనీ లెక్క ప్రకారం దాని తలకాయకు 17 పానా పట్టాలి. ఐఎస్ఓ లెక్కన 16. జపాన్ బండ్ల లెక్కన 14. ఎం 12 బోల్టుకు జర్మనీ 19, ఐఎస్ఓ 18, జపాన్ 17. ఎం 8 కు జర్మనీ, ఐఎస్ఓ రెండూ 13, జపాన్ 12. కాడ అదే, మర అదే, తలకాయ వేరు. మన బజార్లో దొరికే ఎనిమిది పానాల సెట్టు చూడండి. 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. ఎం 14 బోల్టుకు ఐఎస్ఓ తలకాయ 21. ఆ 21 ఈ సెట్టులో లేనే లేదు. కొత్త ప్రమాణం ఒప్పుకున్న దేశంలో పాత ప్రమాణం సెట్టు అమ్ముతున్నారు. 21 కావాలంటే విడిగా కొనాలి, లేదా పెద్ద సెట్టు కొనాలి.

పెద్దపల్లి, సుల్తానాబాద్, మంథని వైపు కాలువ కింద, ఎల్లంపల్లి కింద ఇప్పుడు ఎటు చూసినా వరి. కోత అంతా మిషన్ల మీదనే. తడి పొలాల్లో చైను మిషన్లు దిగుతున్నాయి. నాటు మిషన్లు కూడా వస్తున్నాయి. వీటిలో చాలా వరకు జపాన్ వంశం. అంటే 12, 14, 17 పానాల వంశం. మన ట్రాక్టరు డబ్బాల్లో ఉండేది 13, 17, 19.

నిరుడు యాసంగిలో మా పక్క పొలంలో జరిగింది చెప్తాను. కంపెనీ పేరు వద్దు. మబ్బు పట్టి ఉంది. చైను మిషన్లో వడ్లు పైకి తోలే గొలుసు జారింది. మూత విప్పితే పది నిమిషాల పని. మూతకు ఆరు బోల్టులు, అందులో రెండు లోతు గుంటలో ఉన్నాయి. వాటికి 14 సాకెట్ కావాలి. మిషన్‌తో వచ్చిన పనిముట్ల సంచి యజమాని దగ్గర ఇంకో బండిలో ఉండిపోయిందట, ఆ బండి ధర్మారం అవతల ఉంది. చుట్టుపక్కల అయిదు ట్రాక్టర్ల డబ్బాలు వెతికాం. అన్నింటిలో 13 ఉంది, 17 ఉంది, 19 ఉంది. 14 సాకెట్ ఒక్కరి దగ్గరా లేదు. సింగరేణిలో ఫిట్టరుగా చేసి దిగిపోయిన ఒక బాపు తన పాత పెట్టెలోంచి అంగుళాల సాకెట్ తెచ్చాడు. 9/16 ది. అంటే 14.3 మిల్లీమీటర్లు. మొదటి బోల్టు వచ్చింది. రెండోదానికి తుప్పు, మూలలు అరిగి గుండ్రమైంది. ఆ తర్వాత ఉలి, సుత్తె. మూడు గంటలు పట్టింది. వాన రెండో గంటలోనే వచ్చింది. ఆ రైతు వడ్లు కొనుగోలు కేంద్రంలో ఎన్ని రోజులు ఆరబోసుకున్నాడో ఊరంతా చూసింది. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు కదా. కంపెనీ సర్వీసు ఆయనకు ఫోన్ చేస్తే చెప్పింది ఒకటే, "మా కిట్టు తప్ప వేరే వాడొద్దు సార్." ఆ కిట్టు ఊరికి ఒకటైనా ఎందుకు లేదు అంటే దానికి జవాబు లేదు.

మూడు గంటలు, రెండు మిల్లీమీటర్ల తేడా. ఏ పంట నష్టం లెక్కలోనైనా ఈ పద్దు ఉందా?

ఇక్కడ మన సభ్యులకు పనికొచ్చే నాలుగు లెక్కలు చెప్పి ముందుకు పోతాను. కత్తిరించి ట్రాక్టరు డబ్బా మూతకు అంటించుకోండి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. ముప్పావు అంగుళం బోల్టు తలకు 19 పానా బేషుగ్గా పడుతుంది, తేడా వెంట్రుకవాసి. అయిదు సూతల తలకు, అంటే 5/8 కు, 16 పానా పడుతుంది. 15/16 కు 24 పడుతుంది. అర అంగుళం తలకు 13 పెట్టొచ్చు, కానీ కాస్త వదులు, బిగుసుకుపోయిన బోల్టు మీద వాడొద్దు. 9/16 కు 14 ఎక్కదు, 15 పెడితే మూలలు అరుగుతాయి. 11/16 కు కూడా అంతే, 17 ఎక్కదు, 18 వదులు. 7/8 కు 22 ఎక్కదు. ఈ మూడింటికి అంగుళం పానాలే కొనుక్కోవాలి, వేరే దారి లేదు. ఇక స్క్రూ పానా, అంటే నోరు తిప్పుకునేది, ఉంది కదా అంటారు. అది ఆఖరి దిక్కు. దాని నోరు ఎంత బిగించినా కదులుతుంది. దాని వెనక పైపు తొడిగి లాగినప్పుడు జారితే పిడికిలి ఎముకలు పోతాయి. అట్లా పోగొట్టుకున్న చేతులు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి.

జపాన్ మిషన్ల ప్లస్ స్క్రూలది కూడా ఇదే గోస. చూడటానికి మామూలు ప్లస్ లాగే ఉంటుంది. లోపలి కోణం వేరు. మన దగ్గరి స్క్రూ డ్రైవర్ దాంట్లో పూర్తిగా దిగదు, నొక్కి తిప్పితే పైకి ఎగిరి గాడి చెడగొడుతుంది. జపాన్ ప్రమాణం స్క్రూ డ్రైవర్ అని విడిగా అడిగి కొనాలి. అడిగితే ఇచ్చే దుకాణం మన జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

కంపెనీలు ఏమంటాయంటే, డిజైను మాది, దేశానికొక పద్ధతి ఉంది, ఒక్కటి చేయడం కుదరదు. అబద్ధం. కుదురుతుంది, కుదిరింది. మీ ట్రాక్టరు వెనక్కి పోయి పీటీఓ గొట్టం చూడండి. ఏ కంపెనీ బండి అయినా ఆరు గాళ్లు, ఒకటింబావు మీద ఒక సూతు అంగుళాలు, అంటే 35 మిల్లీమీటర్లు, నిమిషానికి 540 తిప్పులు. అమెరికా ఇంజనీర్లు 1920లలోనే ఈ గొట్టానికి ఒక ప్రమాణం పెట్టుకున్నారు, తర్వాత అది ప్రపంచానికంతా ఐఎస్ఓ ప్రమాణం అయింది. రోటావేటరు తగిలించే మూడు చేతుల పిన్నులు కూడా అంతే. హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టిన ఆ అమరిక ఇవాళ అన్ని కంపెనీల బండ్లకూ ఉంది. చిన్న బండి కింది చేతి పిన్ను 22, పెద్ద బండిది 28 మిల్లీమీటర్ల చిల్లర. పంజాబ్ రోటావేటరు, గుజరాత్ రోటావేటరు, ఏదైనా మన బండికి తగులుతుంది. ఎందుకు కుదిరింది? అక్కడ కొలత ఒకటైతే అందరికీ సరుకు అమ్ముడుపోతుంది. బోల్టు తలకాయ దగ్గర మాత్రం కొలత వేరుగా ఉంటేనే సర్వీసు సెంటరుకు గిరాకీ. అమ్మేటప్పుడు ప్రపంచమంతా ఒకటి, బాగుచేసేటప్పుడు ఎవరి దుకాణం వాళ్లది.

ఈ బాధ మనకొక్కరికే లేదు. వందల ఎకరాలు ఉండే అమెరికా రైతులు కూడా తమ ట్రాక్టరు తామే బాగుచేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. అక్కడ పానాతో పాటు కంప్యూటర్ తాళం కూడా ఉంది. కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసి, 2024 జనవరి నుంచి పనిముట్లు, విడిభాగాలు, మాన్యువళ్లు రైతుకు ఇవ్వాల్సిందేనని కంపెనీలకు చెప్పింది. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో బాగుచేసుకునే హక్కు మీద ఒక కమిటీ వేసింది. అందులో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ తెరిస్తే బోల్టు విప్పుడు కాదు.

ఇప్పుడు రెండో కొలత, మనిషిది. నా లెక్కలో ఇదే పెద్దది.

మన చిన్నప్పుడు ఊరి కమ్మరి కొలిమి దగ్గర పార చేయించేవాళ్లం, వడ్లాయన కామ వేసేవాడు. మనిషిని ఒకసారి నిలబెట్టి చూసి కామ ఎంత పెట్టాలో చెప్పేవాడు. నల్లరేగడికి ఒక వంపు, చెల్క భూమికి ఒక వంపు. సంవత్సరానికి మేర కొలిచేవాళ్లం. ఆ కాలం అంతా బంగారం అని నేను అనను. ఆ కమ్మరికి, వడ్లాయనకు మేర సరిగ్గా కొలవని దొరలు ఉన్నారు, కూలీ ఆడవాళ్లకు ఇంటాయన వాడి అరిగిపోయిన పారే దక్కేది. కానీ పనిముట్టును మనిషికి సరిచేయడం అనే విద్య ఒకటి ఊళ్లో ఉండేది. జపాన్ రైతుల పార, దాన్ని కువా అంటారు, అది కూడా ప్రాంతానికొక వంపు, మట్టికొక బరువు. అమెరికాలో పార కామ ఛాతీ వరకు వస్తుంది, నిలబడి పనిచేస్తారు. ఆఫ్రికా వాళ్లది మన లాంటి పొట్టి కామే. ఆఫ్రికా వలసలకు ఇంగ్లండు ఫ్యాక్టరీలు పౌండ్ల లెక్కన పారలు అచ్చు పోసి పంపేవి. బరువు లెక్క ఉంది, వంగే మనిషి లెక్క లేదు.

పొట్టి కామ అంటే గుర్తొచ్చింది. ఈ కథ మన ప్రతి కూలీ సంఘంలో చెప్పుకోవాలి. కాలిఫోర్నియా తోటల్లో మెక్సికో కూలీలతో అడుగు, రెండడుగుల కామ ఉన్న పారతో లెట్యూస్ ఆకుకూర, చక్కెర దుంప పొలాల్లో మొక్కలు పలచన చేయించేవాళ్లు. పొద్దంతా నడుం రెండుగా వంచి నడవాలి. పొడుగు కామ ఇస్తే మొక్కలు తెగుతాయి, పని నాసి అవుతుంది అని భూస్వాములు వాదించారు. అసలు సంగతి వేరే. కామ పొట్టిగా ఉంటే నడుం ఎత్తినవాడు దూరం నుంచే మేస్త్రీకి కనిపిస్తాడు. కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కూడా ఆ పార పట్టి నడుం పోగొట్టుకున్నవాడే. 1972లో కూలీల తరఫు లాయర్లు దాన్ని ప్రమాదకర పనిముట్టుగా ప్రకటించాలని ప్రభుత్వ శాఖకు అర్జీ పెట్టారు. శాఖ కొట్టేసింది. పనిముట్టులో లోపం లేదు, వాడే తీరులోనే ఉంది అన్నది వాళ్ల వాదన. డాక్టర్లు వచ్చి వెన్నుపూసలు ఎట్లా అరిగిపోతున్నాయో చెప్పారు. 1975 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూలీల పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది పొట్టి పారతో వంగి చేసే ఆ పని నిషేధం అయింది. నాలుగడుగుల కన్నా తక్కువ కామ ఉంటే పొట్టి పార కిందే లెక్క. తోటలేమీ మునిగిపోలేదు. లెట్యూస్ ఇప్పటికీ పండుతోంది.

మన దగ్గర? పత్తిలో కలుపు, వరిలో నాటు, మిరపలో ఏరుడు, అన్నీ ఆడవాళ్లే, అన్నీ వంగి, లేదా గొంతు కూర్చుని. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు మగవాళ్ల కంటే పది పన్నెండు సెంటీమీటర్లు తక్కువ. పిడికిలి చిన్నది. కానీ బజార్లో పారకు, వీడరుకు ఆడవాళ్ల సైజు అని ఎక్కడన్నా చూశారా? చెప్పుల దుకాణంలో ఉంది, పనిముట్ల దుకాణంలో లేదు. శ్రీ వరి అని 2003 నుంచి ప్రచారం చేసినప్పుడు కోనో వీడరు తెచ్చి ఇచ్చారు. అది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన కేంద్రం నమూనా. సాలుకు సాలుకు 25 సెంటీమీటర్లు ఉండాలని టేపు పెట్టి చూపించారు. మొక్కకు మొక్కకు మధ్య దూరం కొలిచారు గానీ బురదలో దాన్ని ముందుకు వెనక్కు తోసే అక్క భుజం ఎత్తు కొలవలేదు. ఒకటి రెండు సాళ్లు తోసి "అన్నా, దీనికంటే చేత్తో తీసుడే నయం" అని గట్టు మీద పెట్టారు. అధికారులు రిపోర్టులో రైతులకు అవగాహన లేదు అని రాశారు.

కొలతలు లేక కాదు. భోపాల్‌లో కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు, దేశంలోని ఇతర కేంద్రాల వాళ్లు కలిసి వ్యవసాయ కూలీల ఒంటి కొలతలు, ఆడవాళ్లవి, మగవాళ్లవి విడివిడిగా తీసి 2009లో పుస్తకంగా వేశారు. ఎత్తు, మోచేతి ఎత్తు, పిడికిలి పట్టు, ఇట్లా 79 కొలతలు. దాని ప్రకారం పనిముట్లు తయారుచేయాలన్నదే ఆ పుస్తకం ఉద్దేశం. ప్రజల సొమ్ముతో ప్రజల ఒళ్లు కొలిచారు. ఆ కొలత మన సుల్తానాబాద్ దుకాణంలోని పార కామ దాకా ఎందుకు రాలేదు? సబ్సిడీ మీద ఇచ్చే చేతి పనిముట్ల టెండరులో ఆ పుస్తకం పేరు ఎందుకు ఉండదు? ఉపాధి హామీ పనుల్లో ఏళ్లుగా చూశాం. తవ్విన మట్టిని క్యూబిక్ మీటర్లలో కొలిచి కూలి కట్టారు. తవ్విన పారను ఎవరూ కొలవలేదు. పార కూలీదే, గడ్డపార కూలీదే, నొప్పి కూడా కూలీదే.

పన్ను సంగతి వింటే ఇంకా విచిత్రం. పార, గడ్డపార, కొడవలి, గొడ్డలి వంటి చేతి పనిముట్లకు జీఎస్టీ లేదు. సంతోషం. అదే పానాకు 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించి పెద్ద పెద్ద ప్రకటనలు వేశారు. దాన్ని విప్పే పానా మాత్రం 18 లోనే ఉండిపోయింది. ఢిల్లీలో కూర్చున్నవాళ్ల దృష్టిలో రైతు అంటే ఇప్పటికీ కొడవలి పట్టుకున్న బొమ్మ. పానా పట్టుకుంటే మెకానిక్కు, మెకానిక్కు అంటే వ్యాపారి, వ్యాపారికి 18. యాసంగి కోతల్లో ఒక్కసారి వచ్చి చూడమనండి, రైతు నడుముకు కొడవలి ఉందో, జేబులో 12-13 పానా ఉందో.

మనవాళ్లలో కొందరు అనొచ్చు, రామగుండంలో యూరియా తయారవుతుంటే పక్కన మనం చెప్పులు లైన్లో పెట్టి నిలబడే గతి ఉంది, ఇప్పుడు పానాల గురించి ఏం మాట్లాడతాం అని. నేను దాన్ని ఒప్పుకోను. యూరియా కోసం ధర్నా చేసేటప్పుడు మన చేతిలో ఒక లెక్క ఉంటుంది, ఎన్ని బస్తాలు రావాలి, ఎన్ని వచ్చాయి. పనిముట్ల విషయంలో మన దగ్గర లెక్కే లేదు, అందుకే దాన్ని ఖర్మ అనుకుని ఊరుకుంటున్నాం. ఎవరి బండి ఎన్ని గంటలు ఆగింది, దేనికి ఆగింది, ఎంత పోయింది అని ఒక్క సీజన్ రాసి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

అడగాల్సింది ఎవరిని, ఏమని? సబ్సిడీ మీద అమ్మే ప్రతి యంత్రానికీ దాని బోల్టులన్నిటికీ సరిపోయే పనిముట్ల పెట్టె తప్పనిసరిగా ఇవ్వాలి, మూత మీద తెలుగులో సైజుల పట్టిక ఉండాలి, ఇది వ్యవసాయ శాఖ ఒక్క సర్క్యులర్‌తో చేయగలిగిన పని. యంత్రాలు అద్దెకిచ్చే కేంద్రాల్లో అంగుళాలు, మిల్లీమీటర్లు, జపాన్ సైజులు అన్నీ ఉన్న ఒక సెట్టు ఊరి ఉమ్మడి ఆస్తిగా పెట్టాలి. పానాల మీద పన్ను ఎత్తేయాలని మన ఎంపీలు జీఎస్టీ మండలిని అడిగేటట్టు చేయాలి. చేతి పనిముట్ల టెండర్లలో ఆడవాళ్ల సైజు విడిగా ఉండాలి, కనీసం రెండు పొడుగుల కామలు, సన్న పిడి. ఇవన్నీ కాక ఇంకోటి ఉంది, దాన్ని మన సంఘాలు ఇప్పటిదాకా ముట్టుకోలేదు. బీఐఎస్ ఏ ప్రమాణం రాసినా, మార్చినా ముందు ముసాయిదా వేసి జనం అభిప్రాయాలు అడుగుతుంది. పారకు ప్రమాణం ఉంది, ఐఎస్ 1759. రెండు నోళ్ల పానాకు ఉంది, ఐఎస్ 2028. అవి ఇంగ్లిషులో ఉంటాయి, కంపెనీల ఇంజనీర్లు చదివి జవాబు రాస్తారు. రైతు సంఘం నుంచి ఒక్క ఉత్తరం పోదు. ఆ తర్వాత మనకు ఎవరూ చెప్పలేదు అంటాం. మన పిల్లల్లో ఐటీఐ చదివినవాళ్లు, డిప్లొమా చదివినవాళ్లు ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి తెలుగులో చదివించుకుని, మన లెక్కలు మనం రాసి పంపాలి.

అందుకని వచ్చే మండల సమావేశానికి వచ్చేటప్పుడు వట్టి చేతులతో రావద్దు. ఇంట్లో ఉన్న పార, కురుపి, కొడవలి తీసుకురండి. వాటిని రోజూ వాడే మనిషే రావాలి, ఇంటి పెద్దాయన ఒక్కడే వస్తే పని కాదు. అక్కలు, చెల్లెళ్లు తప్పకుండా రావాలి. కామ పొడవు, పిడి లావు, వాడే మనిషి ఎత్తు, మోచేతి ఎత్తు రాసుకుంటాం. ట్రాక్టరు, మిషన్ ఉన్నవాళ్లు డబ్బాలో ఉన్న పానాల నంబర్లు, బండికి కావలసిన నంబర్లు విడివిడిగా ఒక కాగితం మీద రాసుకుని రండి. టేపు, వెర్నియర్ కాలిపరు సింగరేణి బాపు తెస్తానన్నాడు.